సబ్బాతు మోసే రెండు జ్ఞాపకాలు

పది ఆజ్ఞలు బైబిల్లో రెండుచోట్ల ఉన్నాయి. విశ్రాంతిదినం, అంటే సబ్బాతు, ఎందుకు పాటించాలో మాత్రం రెండుచోట్లా ఒకే కారణం చెప్పలేదు. నిర్గమకాండం 20వ అధ్యాయం సృష్టిని గుర్తుచేస్తుంది: దేవుడు ఆరు రోజుల్లో సమస్తం చేసి ఏడో రోజు విశ్రమించాడు. ద్వితీయోపదేశకాండం 5వ అధ్యాయం ఐగుప్తును (ఈజిప్టును) గుర్తుచేస్తుంది: నువ్వక్కడ దాసుడివి, కాబట్టి నీ దాసుడూ దాసీ కూడా నీలాగే విశ్రమించాలి. మనం ఎక్కువగా చెప్పుకునేది మొదటి కారణం. బరువైనది రెండోది.

యూదుల ఇళ్లలో శుక్రవారం రాత్రి ఈ రెంటినీ భోజనం బల్ల దగ్గరే తలుచుకుంటారు. ద్రాక్షరసం పాత్ర చేతపట్టి చెప్పే కిద్దూష్ అనే ఆశీర్వచనంలో సృష్టీ ఉంటుంది, ఐగుప్తు నుంచి విడుదలా ఉంటుంది. ఆ పాత్రలో కనీసం 86 మిల్లీలీటర్లు పట్టాలన్నది బాగా వాడుకలో ఉన్న లెక్క. ఇంకా ఎక్కువ కావాలనేవారూ ఉన్నారు. పక్కనే గుడ్డ కప్పిన రెండు హల్లా రొట్టెలు. ఐగుప్తు విడిచాక అరణ్యంలో దేవుడిచ్చిన ఆహారం మన్నా; ఆరో రోజు రెండింతలు దొరికిన ఆ మన్నాకు అవి గుర్తు.

వీటన్నిటికంటే ముందు దీపాలు. చాలా ఊళ్లలో సూర్యాస్తమయానికి 18 నిమిషాల ముందు, యెరూషలేము ఆచారంలో 40 నిమిషాల ముందు వెలిగిస్తారు. పొద్దు గుంకాక ఇక వెలిగించకూడదు, నిప్పు రాజేయడం సబ్బాతునాడు నిషిద్ధమైన 39 పనుల్లో ఒకటి. అందుకే అష్కెనాజీ (ఐరోపా మూలాల యూదు) స్త్రీలు ముందు దీపం వెలిగించి, ఆ తర్వాత కళ్లు మూసుకుని ఆశీర్వచనం చెబుతారు; అది పలికితే సబ్బాతు మొదలైనట్టే. వంటా అంతకుముందే ముగియాలి. శనివారం మధ్యాహ్నం వేడిగా తినాలంటే చోలెంట్ అనే కూరను శుక్రవారమే సన్నటి సెగ మీద పెట్టేయాలి. శనివారం మూడు నక్షత్రాలు కనిపించాక ద్రాక్షరసం, సుగంధద్రవ్యాలు, పేనిన కొవ్వొత్తితో సబ్బాతును ముగించే హవ్దాలా చేస్తారు.

ఇంత పట్టింపు దేనికంటే, మనసుకు మాత్రమే వదిలేసిన జ్ఞాపకం తరం మారేసరికి మాసిపోతుంది. కొంకణ్ తీరంలో గానుగాడి నూనె తీసిన యూదులు, బెనె ఇజ్రాయెల్‌ను చూడండి. మిగతా యూదులతో రాకపోకలు తెగి, హీబ్రూ చాలావరకు మరచిపోయినా శనివారం గానుగ ఆపడం మానలేదు. ఇరుగుపొరుగువారు వాళ్లను 'శనివార్ తేలీ' (శనివారం పని ఆపే నూనెగానుగవాళ్లు) అనే పిలిచారు.

మన దగ్గర గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడుతూ యూదు ఆచారాలు పాటించే బెనె ఎఫ్రాయిమ్ కుటుంబాలున్నాయి. వారిది దళిత నేపథ్యం. కూలి పనులమీద బతికే ఇంట్లో శనివారం ఆగితే ఆ రోజు డబ్బు రాదు. ఆజ్ఞ ఆ భారాన్ని కూలివాడిమీద పెట్టలేదు. అది యజమానితో మాట్లాడుతోంది: నీ దాసుడు, నీ దాసి, నీ ఇంట ఉన్న పరదేశి, చివరికి నీ ఎద్దు, గాడిద కూడా ఆగాలి. ఏ రోజున ఆరాధించే తెలుగు కుటుంబమైనా ఇంటి పనిమనిషికి జీతం కోయకుండా వారానికో రోజు సెలవివ్వడంతో ఈ ఆజ్ఞను మొదలుపెట్టవచ్చు.