సౌత్ సిడ్నీ క్లబ్బును నిలబెట్టింది ఎవరు?

ఆస్ట్రేలియా రగ్బీ లీగ్ క్లబ్బు సౌత్ సిడ్నీ ర్యాబిటోస్ (అభిమానులకు సౌత్స్) గురించి ఎవరు రాసినా దాదాపు ఒకే కథ: లీగ్ నుంచి గెంటేశారు, జనం రోడ్డెక్కారు, కోర్టులో గెలిచారు, తిరిగొచ్చారు. ఇందులో ఒక పెద్ద ముక్క జారిపోతోంది. ఆఖరి కోర్టులో సౌత్స్ ఓడిపోయింది. ఓడిపోయినా లీగ్‌లోనే ఉంది, ఇవాళ్టికీ ఆడుతోంది. అదెలా కుదిరిందో తెలియాలంటే ఈ క్లబ్బు ఎక్కణ్నుంచి వచ్చిందో చూడాలి.

రగ్బీ లీగ్ అంటే మనకు టీవీలో అప్పుడప్పుడు కనిపించే 15 మంది రగ్బీ కాదు. జట్టుకు 13 మంది, బంతి ఉన్న జట్టును అవతలివాళ్లు ఆరుసార్లు పట్టి ఆపితే బంతి వాళ్లకు ఇచ్చెయ్యాలి. కబడ్డీలో పట్టు చూసి కేకలు వేసినవాళ్లకు ఈ ఆట తలకెక్కడానికి ఎంతోసేపు పట్టదు. 1907లో సిడ్నీలో ఇది పాత రగ్బీ నుంచి విడిపోవడానికి అసలు కారణం కూలిడబ్బు. మైదానంలో చెయ్యి విరిగితే ఆ రోజుల పని పోయినట్టే, సంఘం సరిగ్గా పట్టించుకునేది కాదు. ఉన్నవాళ్లకు అది పెద్ద ఇబ్బంది కాకపోవచ్చు గానీ, రైల్వే వర్క్‌షాపుల్లో, ఫ్యాక్టరీల్లో చేసుకునేవాళ్లకు ఆ వారం ఇల్లు గడవదు. అలాంటి కార్మికుల పేట రెడ్‌ఫర్న్. 1908 జనవరి 17న అక్కడి టౌన్ హాల్లో మీటింగ్ పెట్టి సౌత్ సిడ్నీ క్లబ్బును మొదలుపెట్టారు. ఆ ఏడాదే ఫైనల్లో ఈస్టర్న్ సబర్బ్స్‌ను 14-12తో ఓడించి లీగ్‌కు మొట్టమొదటి చాంపియన్లయ్యారు.

ర్యాబిటోస్ అంటే కుందేళ్లు అమ్మేవాళ్లు. ఆటగాళ్లలో కొందరు పొద్దున వీధుల్లో కుందేళ్లు అమ్మి, మధ్యాహ్నం అదే జెర్సీతో, దానిమీది రక్తపు మరకలతోనే మైదానంలోకి దిగేవారని ఒక ముచ్చట తరతరాలుగా చెప్పుకుంటారు. ఎంతవరకు నిజమో గానీ, పేట జనానికి మాత్రం అది తమ ఇంటి కథే.

1971 నాటికి 20 టైటిళ్లు. ఇన్ని గెలిచిన క్లబ్బు ఇంకోటి లేదు. వాటిలో 1970 ఫైనల్ గురించి చెప్పకుండా ఉండలేను. మ్యాన్లీతో ఆట మొదలైన కాసేపటికే సౌత్స్ కెప్టెన్ జాన్ శాట్లర్ దవడను అవతలివాడు ఒక్క గుద్దుతో విరగ్గొట్టాడు. శాట్లర్ బయటికి వెళ్లలేదు. నోట్లోంచి రక్తం కారుతుండగా ఆఖరి నిమిషం దాకా ఆడాడు, జట్టు 23-12తో గెలిచింది. ఇవాళైతే డాక్టర్లు చూస్తూ ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. కానీ సౌత్స్ అంటే ఏంటని అడిగితే అక్కడి పెద్దవాళ్లు ఇప్పటికీ ఈ ఫైనలే చెప్తారు.

ఆ తర్వాత చేతిలో డబ్బు లేక మంచి ఆటగాళ్లను డబ్బున్న క్లబ్బులకు వదులుకుంటూ వచ్చారు. 1989లో లీగ్ దశలో పట్టికలో మొదటి స్థానం, మరుసటి ఏడాదే ఆఖరి స్థానం. అసలు దెబ్బ మాత్రం టీవీ నుంచి తగిలింది. 1995లో రూపర్ట్ మర్డోక్‌కు చెందిన న్యూస్ లిమిటెడ్ సొంతంగా సూపర్ లీగ్ పెడతానంటూ క్లబ్బులకూ ఆటగాళ్లకూ డబ్బు ఎరవేసి లాగింది, పాత లీగ్ వెనక టీవీ చానల్ యజమాని కెర్రీ ప్యాకర్ నిలబడ్డాడు, 1997లో ఒకే ఆటకు రెండు పోటీలు నడిచాయి. ఏడాది తిరక్కుండానే రాజీ. 1998లో పాత లీగ్, న్యూస్ లిమిటెడ్ కలిసి 20 జట్లతో పెట్టిన కొత్త ఎన్‌ఆర్‌ఎల్ (నేషనల్ రగ్బీ లీగ్), 2000 కల్లా 14కు తగ్గించాలని షరతు. అందుకు పెట్టిన లెక్కల్లో గెలుపోటములతో పాటు గేటు వసూళ్లు, స్పాన్సర్ల డబ్బు లాంటివి కూడా ఉన్నాయి. డబ్బు లేని పేట క్లబ్బు ఇలాంటి పరీక్ష ఎలా పాసవుతుంది? బాల్మైన్, వెస్ట్స్ కలిసిపోయాయి. సౌత్స్‌తో పాటే 1908లో పుట్టిన నార్త్ సిడ్నీ అప్పుల్లో కూరుకుపోయి మ్యాన్లీతో కలిసింది, ఆ ఉమ్మడి జట్టు కూడా ఎక్కువకాలం బతకలేదు. సౌత్స్ ఎవరితోనూ కలవనంది. 1999 అక్టోబర్‌లో లీగ్ నుంచి తీసేశారు.

అప్పటి చైర్మన్ జార్జ్ పిగిన్స్ ఇదే క్లబ్బుకు ఆడినవాడు, కోచ్‌గా చేసినవాడు. తీసెయ్యడం చెల్లదని క్లబ్బు కోర్టుకెక్కింది, ఆ ఖర్చులకు జనం చందాలేశారు. నటుడు రస్సెల్ క్రో 1908 నాటి మ్యాచ్ గంటను వేలంలో 42,000 డాలర్లకు పాడుకున్నాడు. 2000 నవంబర్ మొదట్లో ఫెడరల్ కోర్టు జడ్జి కేసు కొట్టేశాడు. కేసు పోయిన కొద్దిరోజులకే, నవంబర్ 12న, దాదాపు 80,000 మంది ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో సిడ్నీ వీధుల్లో నడిచారు. ఆశ ఉన్నప్పుడు రోడ్డెక్కడం వేరు, ఓడిపోయాక రావడం వేరు. 2001 జులైలో ఫుల్ బెంచ్ 2-1తో సౌత్స్ వైపు తీర్పిచ్చింది, 2002లో జట్టు మైదానంలోకి దిగింది. 2003 ఆగస్టులో హైకోర్టు (ఆస్ట్రేలియాలో అదే అత్యున్నత న్యాయస్థానం) 4-1తో న్యూస్ లిమిటెడ్‌దే రైటంది. అప్పటికి రెండో సీజన్ నడుస్తోంది. మళ్లీ తీసేసే ధైర్యం లీగ్‌కు లేకపోయింది. చట్టం వాళ్ల పక్షానే ఉన్నా, ఆ 80,000 మందిని ఇంకోసారి రోడ్డు మీదికి రప్పించడానికి ఎవరూ సిద్ధంగా లేరు. నా దృష్టిలో ఈ క్లబ్బు చరిత్రకు అసలు మలుపు 2001 తీర్పు కాదు, 2003లో ఏమీ జరగకపోవడం.

మన హైదరాబాద్ జట్టు డెక్కన్ ఛార్జర్స్ 2009లో ఐపీఎల్ గెలిచింది, 2012లో రద్దయింది. ఆ గొడవ బీసీసీఐకి, యజమాని కంపెనీకి మధ్య నడిచింది. అభిమానులకు అందులో చోటే లేదు, వాళ్లు ఏ హోదాతో అడుగుతారు? సౌత్స్ సభ్యుల క్లబ్బు కాబట్టి పోరాడాలా వద్దా అన్నది సభ్యులు ఎన్నుకున్న బోర్డే తేల్చింది.

అందుకే 2006 నాకు మింగుడుపడదు. తిరిగొచ్చాక 2003లో, 2004లో ఆఖరి స్థానమే, ఖజానా ఖాళీ. క్రో, వ్యాపారవేత్త పీటర్ హోమ్స్ ఎ కోర్ట్ కలిసి 30 లక్షల డాలర్లకు 75 శాతం వాటా అడిగారు. పిగిన్స్ గట్టిగా వద్దన్నాడు. అమ్మకానికి సభ్యుల్లో 75 శాతం ఓట్లు కావాలి, 75.8 శాతం పడ్డాయి. 2014 ఫైనల్లో 83,833 మంది ముందు బుల్‌డాగ్స్‌ను 30-6తో ఓడించి, 43 ఏళ్ల తర్వాత టైటిల్ గెలిచారు. మొదటి ఢీకే చెంప ఎముక విరిగినా సౌత్స్ ఆటగాడు శామ్ బర్జెస్ చివరిదాకా ఆడాడు. అది చూసి 2006 ఓటు కరెక్టే అనేవాళ్లు చాలామంది. ఆ డబ్బు లేకపోతే ఆ జట్టు తయారయ్యేది కాదన్నది నేనూ ఒప్పుకుంటాను. కానీ పిగిన్స్ భయం టైటిల్ గురించి కాదు. అదే 2014లో కెర్రీ ప్యాకర్ కొడుకు జేమ్స్ ప్యాకర్ క్లబ్బులో వాటా కొన్నాడు. సభ్యులకు మిగిలింది 25 శాతం. రేపు మళ్లీ జట్లు తగ్గిద్దామనో, సౌత్స్‌ను ఇంకో క్లబ్బుతో కలిపేద్దామనో లీగ్ అంటే, కుదరదని చెప్పాల్సింది ఇప్పుడు సభ్యులు కాదు, మిగతా 75 శాతం చేతిలో ఉన్నవాళ్లు.