సవరణ: రైలు పాటల్లో మనిషి స్థానం

రైలు పాటలపై గత వ్యాసంలో “రైలు జీవితం, మనం ప్రయాణికులం, చివరి స్టేషను మరణం” అన్న వాక్యం ఉంది. దాన్ని పాటలన్నింటికీ వర్తించే సూత్రంగా తీసుకోవద్దు. అమెరికా పాటలకైతే అది అసలే సరిపోదు.

19వ శతాబ్దం చివర్లో వచ్చిన ‘లైఫ్స్ రైల్వే టు హెవెన్’ భక్తిగీతంలో జీవితం కొండల మీది రైలుమార్గం. మనిషి అక్కడ ప్రయాణికుడు కాదు, ఇంజను నడిపే డ్రైవరు. పట్టాల మీంచి చూపు తిప్పవద్దని పాట అతన్ని హెచ్చరిస్తుంది.

నల్లజాతివారి పాటల్లో అర్థం మరీ వేరు. బానిసత్వం నుంచి పారిపోయేవారికి తోడ్పడిన రహస్య మార్గాలకు ‘అండర్‌గ్రౌండ్ రైల్‌రోడ్’ అని పేరు. దారి చూపేవారు కండక్టర్లు, తలదాచుకునే ఇళ్లు స్టేషన్లు. ఆ చరిత్ర తెలిస్తే, రైలంటే గడిచిపోయే ఆయుష్షు కాదు, రావలసిన విముక్తి. భక్తిగీతాల గాయని సిస్టర్ రొసెట్టా థార్ప్ 1939లో రికార్డు చేసిన ‘దిస్ ట్రెయిన్’లో పవిత్రులకే చోటు. పౌరహక్కుల ఉద్యమం సాగుతుండగా 1965లో వచ్చిన కర్టిస్ మేఫీల్డ్ పాట ‘పీపుల్ గెట్ రెడీ’లో మాత్రం టికెట్టూ సామానూ అక్కర్లేదు, విశ్వాసం చాలు. వీటన్నింటిలో నాకు అత్యంత ప్రియమైనది అదే.

హిందీ సినిమా ‘దోస్త్’ (1974)లో కిశోర్ కుమార్ పాడిన ‘గాడీ బులా రహీ హై’ని కూడా ఆ వాక్యం కింద చేర్చకూడదు. అందులో రైలు గురువు. తలపై బరువు, గుండెలో నిప్పు ఉన్నా పాడుతూ సాగే రైలును చూసి నేర్చుకోమంటారు గీత రచయిత ఆనంద్ బక్షీ.