రన్ గారికి, గోదారి జిల్లా నుంచి

ఇంగ్లీషు మాట మహారాజశ్రీ రన్ గారి దివ్యసముఖానికి,

కొత్తపేట దగ్గర కాలవ గట్టు మీద కాపురముంటున్న ఒక మేనమామ నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం అడగక్కర్లేదు. 2011లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు వాళ్లు తమరి ఖాతా తిరగరాసి, ఒక్క క్రియగానే తమరికి 645 అర్థాలున్నాయని తేల్చారట కదా. అంతకుముందు ఆ గద్దె మీదున్న 'సెట్' గారిని దింపేశారట. పీటర్ గిల్లివర్ అనే పెద్దమనిషి తొమ్మిది నెలలు తమరి మీదే కూర్చున్నాడట. తొమ్మిది నెలలంటే మా ఇళ్లలో ఒక కాన్పు. శుభాకాంక్షలు.

ఆ 645లో మూడు మొన్న ఆదివారం మా ఇంటికొచ్చాయి. వాటి గురించే ఈ మనవి.

డల్లాస్‌లో ఉన్న మా మేనల్లుడు పొద్దున్న పది దాటాక ఫ్యామిలీ గ్రూపులో మెసేజ్ పెట్టాడు. వాడికది శనివారం రాత్రి. 'రాన్ ఇంటూ మాస్టారి అబ్బాయి ఎట్ ది స్టోర్. హి లుక్స్ రన్ డౌన్. గాట్టా రన్, బై.' పెట్టేసి, ఫోన్ సైలెంట్‌లో పడేసి, దుప్పటి ముసుగుతన్నాడు.

మా అక్క అప్పుడే పనసపొట్టు కూరలో ఆవ కలపబోతోంది. కళ్లజోడు పైకి తోసుకుని చదివింది. మళ్లీ చదివింది. ఆవముద్ద అంటుకున్న చేత్తోనే ఫోన్ నాకిచ్చి, "ఒరేయ్, వీడు మాస్టారి అబ్బాయిని కారుతో గుద్దేశాడురా" అంది. అదేం లేదే అని నేనూ చూశాను. గుద్దాను, కింద పడ్డాడు, పారిపోవాలి. వరసలో ఎక్కడా వంక పెట్టడానికి లేదు. పోలీసులు రాసుకునే స్టేట్‌మెంటు కూడా ఇంత క్లియర్‌గా ఉండదు.

సరే, పెద్దల్ని అడుగుదామని డిక్షనరీ తీశాను. రన్ ఇంటూ: అనుకోకుండా కలుసుకొను, ఢీకొను. రన్ డౌన్: నీరసపడిన, వాహనంతో గుద్ది పడవేయు. ఉత్త రన్: వెళ్లు, పారిపోవు, ఇంకా కింద నాలుగు పేజీలు. అంటే ఆ మెసేజ్‌కి రెండు కథలున్నాయి, రెండూ కరెక్టే, ఏది నిజమో చెప్పే పూచీ మాత్రం తమరు తీసుకోరు. ఒకదాని ప్రకారం ఇద్దరు కుర్రాళ్లు కిరాణా కొట్లో కలిశారు. రెండోదాని ప్రకారం మావాడికి జైలు.

ఇంతలో మాస్టారి భార్య వచ్చారు. మామూలుగా కరివేపాకు కోసం. "మావాడు పొద్దుట్నుంచీ ఫోన్ ఎత్తట్లేదండి వదినగారూ" అన్నారు. ఎత్తడు మరి, అక్కడ అర్ధరాత్రి. ఆ లెక్క మా అందరికీ తెలుసు. తెలిసి కూడా అక్క మొహంలో నెత్తురు చుక్క లేదు. అడిగింది గుప్పెడు కరివేపాకైతే కొమ్మే విరిచి చేతిలో పెట్టింది. ఆవిడ అటు వెళ్లగానే మందపల్లి శనీశ్వరుడికి తైలాభిషేకం మొక్కింది, అయినవిల్లి వినాయకుడికి కొబ్బరికాయలు మొక్కింది. మా బావ మాకు తెలిసిన ప్లీడరు గారికి ఫోన్ చేసి, "అమెరికా కేసులు కూడా చూస్తారాండీ" అని అడిగాడు. ఆయన కొబ్బరితోటల సరిహద్దు తగాదాలు చూసే మనిషి, ఆయనేం చెప్తాడు? భోజనాల వేళ దాటిపోయింది. ఆవ చేదెక్కింది. సాయంత్రం దీపాలవేళకి వాడు లేచి, "చిల్ మామయ్యా" అన్నాడు.

ఇక మీరూ గీరూ లేదు. నువ్వే.

నీకు కాళ్లు చాలలేదా, ఈ తోకలెందుకు? పరిగెత్తడం నేర్పారు మాకు బళ్లో, నేర్చుకున్నాం. రన్, రాన్, రన్ అని బెత్తం దెబ్బలతో వల్లె వేశాం. పరిగెత్తి పరిగెత్తి మూడో రూపానికి బయల్దేరిన చోటికే వస్తావేంటని అడిగిన పాపాన కూడా పోలేదు. కానీ ఈ ఇంటూలు, డౌన్లు, అవుట్లు, ఓవర్లు ఎవరు చెప్పారు? తోక మార్చితే మనిషి కలుస్తాడు, తోక మార్చితే మనిషి చస్తాడు, తోక మార్చితే ఇంట్లో పంచదార అయిపోతుంది. పోనీ తోకని బట్టి ఒక దారి ఉందా? అదే ఇంటూకి కలవడమూ ఉంది, గుద్దడమూ ఉంది. మా బళ్లో ఇంటూ అంటే హెచ్చవేత. ఆ లెక్కన మాస్టారి అబ్బాయిని దేంతో హెచ్చవేశాడో!

మా దగ్గర ఏ పనికి ఆ మాట ఉంది. కాలవ పారుతుంది. ముక్కు కారుతుంది. మిల్లు ఆడుతుంది. సినిమా కూడా ఆడుతుంది. రావులపాలెం బస్సు తిరుగుతుంది, కోటిపల్లి రేవులో పంటు తిరుగుతుంది. చీర రంగు దిగుతుంది. కొట్టు నడుస్తుంది. ఇవన్నీ నువ్వొక్కడివే మింగి కూర్చున్నావు. మీ కాటన్ దొర 1852 నాటికి ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించి, గోదారిని తూర్పు, మధ్య, పడమటి డెల్టాలకి పంచి ఇచ్చాడు. నీ భాష మనిషే. నీలా మొత్తం ఒక్కడే పట్టుకోలేదు.

ఎన్నికల్లో అయితే మరీ సిగ్గుచేటు. ఇంగ్లండులో అభ్యర్థి నిలబడతాడు, అమెరికాలో పరిగెడతాడు. ఎనభై దగ్గరపడ్డ పెద్దాయన చేత కూడా పరుగు పెట్టిస్తావు. మావాళ్లు నిలబడతారు, గెలిచాకే పరుగు. క్రికెట్లో బంతి గీత దాటితే బ్యాట్స్‌మన్ కదలకపోయినా నాలుగు రన్నులు వేస్తావు, నిన్ను చూసి మా పరుగులు కూడా చెడిపోయాయి. మామూలు సరుకుని 'రన్ ఆఫ్ ది మిల్' అంటావు. మండపేట మిల్లుకొచ్చి చూడు, బియ్యం, నూక, తవుడు, ఊక దేని దారిన అది వస్తుంది, అలా కలగలిపి మూటకడితే మిల్లుకి ఎవరూ రారు. 2021 జనవరిలో కరోనా టీకాకి డ్రై రన్ అని పేపర్లో వేస్తే, మా వీధిలో ఒకావిడ "తడి రన్ ఎప్పుడండీ" అని అడిగింది. వేసవిలో కాలవలు కట్టేసిన ఊళ్లో ఆ ప్రశ్నకి నవ్వకూడదు.

వీటన్నిటినీ పోనిస్తాను. ఆ 'గాట్టా రన్' మాత్రం నా గొంతు దిగదు. ఫోన్ పెట్టేటప్పుడు మేమేమంటాం? "మరి ఉంటానండి" అంటాం. గడప దాటేటప్పుడు "వెళ్లొస్తాను" అంటాం, వెళ్లేవాడు కూడా వస్తాననే చెప్తాడు. మీవాడు పరిగెత్తాలి, బై అంటాడు. ఏం తరుముకొచ్చింది? కన్నతల్లితో మాట్లాడుతూ పరిగెత్తడమేంటి? మావాడు ఇక్కడున్నన్నాళ్లూ ఉంటానమ్మా అనే పెట్టేసేవాడు. అక్కడికెళ్లాక వాడి నోట్లోంచి ఆ మాట తీసి నీ మాట పెట్టావు. అక్క బెదిరింది గుద్దడానికి మాత్రమే అనుకుంటున్నావేమో. ఆ చివరి మాట దగ్గరే దాని వేలు ఆగింది, నేను చూశాను.

నువ్వొక మాట అడుగుతావని తెలుసు, నువ్వు అడక్క ముందే చెప్తాను. మేం మాత్రం "సంతలో మీ బావ తగిలాడు" అనమా? అంటాం. రాయి కూడా తగులుతుంది, దెబ్బా తగులుతుంది, బావా తగులుతాడు. మా తగలడం, నీ రన్ ఇంటూ ఒక తాను గుడ్డే. కానీ తేడా చూడు. మా మాటలో తగిలేది బావ. నేను నా దారిన నేను పోతున్నాను, ఆయనొచ్చి తగిలాడు, కేసు పెట్టాలంటే ఆయన మీదే పెట్టాలి. నీ మాటలో మా కుర్రాడే వెళ్లి మీద పడ్డాడు. "మాస్టారబ్బాయి తగిలాడమ్మా, నీరసంగా ఉన్నాడు, ఉంటాను" అని ఉంటే అక్క ఆవ కలుపుకునేది, మాస్టారి భార్యని కూర్చోబెట్టి కబురు చెప్పేది, అందరం వేళకి అన్నాలు తినేవాళ్లం.

మందపల్లి మొక్కు ఎలాగూ తీర్చాలి, మొక్కిన కారణం అబద్ధమైనా నూనె నిజంగానే పోయాలట. ఆ ఖర్చు నీ పద్దులో రాస్తున్నాను. నిన్ను ఊళ్లోంచి తరిమేసే శక్తి నాకు లేదు. వడ్రంగి గుమ్మానికి రన్నింగ్ ఫీటు లెక్కే కడుతున్నాడు, రన్నింగ్ బస్సు ఎక్కొద్దని కండక్టరు నీ పేరుతోనే తిడుతున్నాడు. ఆ మాత్రం పనులు చేసుకుంటూ ఇక్కడే పడుండు, కాదనను. ఆ తోకల్ని మాత్రం డల్లాస్‌లో వదిలేసి రా.

ఉంటాను.

ఇట్లు,
ఒక మేనమామ
వయసు: 59 రన్నింగ్