తప్పంతా పాదాలదే

మొన్న మాఘమాసంలో మా బంధువుల ఇంట్లో పెళ్లికి వెళ్లాను. పెళ్లికొడుకు కాళ్లు కడిగే ఘట్టం పావుగంట పైనే నడిచింది. పళ్లెం వెండిది, చెంబు వెండిది, నీళ్లు మినరల్ వాటర్ క్యానువి. "అంకుల్, ఫోకస్ పోయింది, ఇంకోసారి పొయ్యండి" అని ఫొటోగ్రాఫర్ అడిగితే పాపం పెళ్లికూతురి తండ్రి మళ్లీ పోశాడు. ఆ రెండో విడతకి పెళ్లికొడుకు మడమ వెనక అంటించుకున్న ప్లాస్టర్ తడిసి ఊడి, పళ్లెంలో కాగితప్పడవలా తేలింది. దాని కింద ఎర్రగా రూపాయి బిళ్లంత పుండు. ఎదుర్కోలు నాడు వేసుకున్న కొత్త బూట్లు కరిచాయట. పురోహితుడి దగ్గర్నించి వీడియో తీసేవాడి దాకా అందరం చూశాం, ఎవరం ఏమీ అనుకోలేదు. కొత్తవి కదా, కరుస్తాయి.

కరవడం అనే మాట మనం పెట్టుకున్నదే, గమనించండి. కుక్క కరిస్తే ఇంజెక్షన్, పాము కరిస్తే అంబులెన్స్, చెప్పు కరిస్తే దూది. పైగా కరిచినదాన్నే మర్నాడు మళ్లీ తొడుక్కుని "నాలుగు రోజులు వేసుకుంటే అలవాటైపోతుందిలే" అంటాం. ఎవరికి ఎవరు అలవాటు పడాలో అక్కడే తేలిపోయింది. పాదుకలకి పట్టాభిషేకం జరిగిన దేశం మనది, పాదాలకి ఎప్పుడైనా జరిగిందా?

అందుకని చాలాకాలం ఆలోచించి నేనొక నిర్ణయానికి వచ్చాను. తప్పు చెప్పుది కాదు, పాదానిది.

చెప్పు ఫ్యాక్టరీలో అచ్చు మీద తయారైన వస్తువు. దానికో నంబరుంది, పెట్టె ఉంది, బిల్లుంది. పాదానికేముంది? ఒక్కో పాదంలో 26 ఎముకలు, రెండూ కలిపితే 52, అంటే సరిగ్గా ఒక పేక కట్ట. జోకర్ మాత్రం పైన, భుజాల మధ్య ఉంటుంది. ఒంట్లో ఉన్న 206 ఎముకల్లో నాలుగో వంతు ఇలా కాళ్ల చివర పోగేసుకుని కూడా వీటికి క్రమశిక్షణ లేదు. చాలామందికి ఎడమది, కుడిది ఒక్క సైజులో ఉండవు. పొద్దున ఉన్న సైజు సాయంత్రానికి ఉండదు, తిరిగి తిరిగి కాస్త ఉబ్బుతాయి. ఇరవయ్యేళ్లప్పటి సైజు యాభైలో ఉండదు, వయసుతో పాటు లోపలి కట్లు వదులై పాదం సాగుతుంది, పరుచుకుంటుంది. నేను మాత్రం డిగ్రీలో చేరినప్పుడు 'ఎనిమిది' అని చెప్పాను, ఇవాళ్టికీ ఎనిమిదే చెప్తున్నాను. మాట మీద నిలబడ్డది నేను, పాదాలు కాదు.

కిందటి దసరాకి బెజవాడ బీసెంట్ రోడ్డులో ఒక షాపుకి వెళ్లాను. పొద్దున్నే, షట్టర్ ఎత్తగానే. బోణీ బేరమైతే యాభై తగ్గిస్తాడని. చెప్పులు సాయంత్రం పూట కొనాలి, పాదం ఉబ్బి ఉన్నప్పుడు సరిపోయిందే రోజంతా సరిపోతుంది, ఇది నాకూ తెలుసు, కానీ సాయంత్రం ఆ యాభై ఎవడిస్తాడు? షాపు కుర్రాడు ముందు కూర్చుని సైజు అడిగాడు. ఎనిమిదన్నాను. కొలవలేదు. పాదం పెట్టి కొలిచే ఇనప పలక కౌంటర్ పక్కనే ఉంది, దాని మీద అగరొత్తుల స్టాండ్ పెట్టి ఉంది. బూటు ఎక్కించాడు, చిటికెనవేలి దగ్గర పట్టేసింది.

"టైటుగా ఉంది బాబూ."

"లెదర్ కద్సార్. రెండ్రోజులేస్తే లూజైపోద్ది."

తొమ్మిది తెమ్మన్నాను. వేళ్లకి హాయిగా ఉంది గానీ మడమ దగ్గర జారుతోంది.

"ఇది లూజుగా ఉందయ్యా."

"లోపల సోల్ ఏయిస్తా సార్, టైటైపోద్ది."

అంటే ఆ షాపులో టైట్ లూజవుతుంది, లూజ్ టైటవుతుంది, సరిపోయేది మాత్రం స్టాకులో లేదు. చివరికి "మీ కాలే కాస్త వెడల్పు సార్" అన్నాడు, ఎక్స్‌రే చూసి చెప్పే డాక్టర్ లాగా కాస్త జాలిగా. నాకు సిగ్గేసింది. క్షమాపణ కింద ఎనిమిదే కొన్నాను.

నిజానికి రెండు కాళ్లకీ వేసుకుని, లేచి నిలబడి, నాలుగడుగులు నడిచి, అన్నిటికంటే పొడుగు వేలికీ బూటు కొనకీ మధ్య బొటనవేలి వెడల్పంత జాగా ఉందో లేదో చూసుకోవాలి. పెద్ద పాదమేదో దానికి సరిపోయిందే కొనాలి. పొడుగు వేలంటే బొటనవేలే కానక్కర్లేదు, కొందరికి దాని పక్కది పొడుగు. పెళ్లిచూపుల్లో ఆ పక్కవేలిని మన పెద్దవాళ్లు ఎంత శ్రద్ధగా చూస్తారో మీకు తెలియంది కాదు, అది పొడుగుంటే మొగుణ్ణి అదుపులో పెడుతుందని. అంత పలుకుబడి ఉన్న వేలు చెప్పుల షాపుకొస్తే పలకరించే దిక్కుండదు.

ఇంతకీ ఆ ఎనిమిది అనే అంకె ఎక్కడిదో తెలుసా? మన దగ్గర ఎక్కువగా నడిచేది ఇంగ్లండ్ సైజు. అందులో నంబరుకీ నంబరుకీ తేడా అంగుళంలో మూడో వంతు, అంటే ఒక బార్లీ గింజ పొడవు. నాకూ తొమ్మిదో నంబరుకీ మధ్య అడ్డం నిలబడ్డది ఆ ఒక్క గింజే, ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. వరన్నం, జొన్నరొట్టె తిని, చెప్పుల్లేకుండా పొలం గట్ల మీద తిరిగి పరుచుకున్న వంశం పాదాలు ఇంగ్లండ్ వాడి బార్లీ గింజల్లో ఒదగకపోతే అది గింజ తప్పా? పైగా ఆ నంబరు చెప్పేది పొడవు ఒక్కటే. వెడల్పు సంగతి అడిగితే పెట్టె అటు తిప్పి ఇటు తిప్పి ధర చూపిస్తారు.

చెన్నై అడయారులో సెంట్రల్ లెదర్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. వాళ్లు 2021 డిసెంబర్ నుంచి 2022 మార్చి దాకా దేశంలో 79 చోట్ల లక్షమందికి పైగా జనం పాదాల్ని త్రీడీ స్కానర్లతో కొలిపించారు. తేలిందేమిటయ్యా అంటే, మనవాళ్ల పాదాలు సగటున యూరప్, అమెరికా వాళ్ల పాదాలకంటే వెడల్పని. చూశారా, బీసెంట్ రోడ్డు కుర్రాడు ఒక్క నన్ను చూసి చెప్పిన మాట చెప్పడానికి శాస్త్రవేత్తలకి లక్షమంది కావాల్సి వచ్చింది. కాకపోతే వాళ్లు అక్కడితో ఊరుకోలేదు. మనకి మన కొలతలే ఉండాలని 'భ' అనే పేరుతో కొత్త సైజుల పద్ధతి ప్రతిపాదించారు. భారత్‌లో భ. ఇక్కడే నాకు వాళ్లతో పేచీ. పాదాన్ని బట్టి చెప్పు మార్చడం మొదలెడితే ఇక దానికి అంతెక్కడ? రేపు పొట్టని బట్టి ప్యాంటు కుట్టాలంటారు.

పాదాన్ని చిన్నప్పుడే దారిలో పెట్టాలి. మా నాన్న జూన్‌లో బడి తెరిచేముందు నల్లబూట్లు కొనేవాడు, రెండు సైజులు పెద్దవి, "ఎదిగే కాలు" అని. కొనలో పాత పేపర్ ఉండచుట్టి కుక్కేవాడు. మొదటి ఏడాది నేనాగినా బూట్లు ఆగేవి కావు, ఇంకో అరడుగు ముందుకెళ్లి నా కోసం చూసేవి. రెండో ఏడాది పేపర్ తీసేశారు. మూడో ఏడాది వేళ్లన్నీ ముడుచుకుని ఒకదాని మీద ఒకటి కూర్చునేవి, సంక్రాంతి ముందు పల్లెవెలుగు బస్సులో చివరి సీటు మాదిరి. మధ్యలో ఒక్క నెల ఆ బూట్లు అచ్చంగా నా కొలతకి సరిపోయాయి. అది మే నెల. సెలవులు. పిల్లల కాళ్లు మూణ్ణాలుగు నెలలకోసారి కొలిచి చూసుకోమంటారు డాక్టర్లు. స్కూల్ ఫీజు టర్ములు కూడా ఇంచుమించు అప్పుడే వస్తాయి, రెండూ ఒకేసారి తలుచుకుంటే గుండెకి మంచిది కాదు.

ఆడవాళ్ల చెప్పుల జోలికెళ్తే ఇంట్లో నాకు అన్నం పుట్టదు కాబట్టి ఒక్క ముక్కతో వదిలేస్తాను. ముందు మొనతేలి, వెనక మేడలా లేచి ఉండే ఆ జత తయారుచేసినవాడు, మనిషి కాలికి ఉండేది ఒకటే వేలు, అదీ సరిగ్గా మధ్యలో ఉంటుందని నమ్మినవాడు.

అసలు చిక్కంతా పరిపాలనలో ఉంది. తలకాయ రాజధాని. బడ్జెట్ మొత్తం అక్కడే ఖర్చు: జుట్టుకో నూనె, మొహానికి పొద్దునొకటి రాత్రొకటి క్రీములు, కళ్లకి, పళ్లకి వేరే గ్రాంట్లు. పాదాలు రాష్ట్రం చివరి గూడేలు. వాటికి చేరేది పైనుంచి జారొచ్చిన సబ్బు నురగ. వేళ్ల సందుల్లోకి నీళ్లు వెళ్తాయి గానీ వాటి వెనకాల తువ్వాలు వెళ్లదు. ఆ తడి అలాగే బూటులో మగ్గి, వేళ్లు ఒరిసి, దురదపెట్టి, ఒకనాడు ఫంగస్ గృహప్రవేశం చేస్తుంది. గోళ్లు తిన్నగా కత్తిరించమంటే మూలల్లోకి తవ్వి గుండ్రంగా తీస్తాం, అది కండలోకి దిగి చీము పట్టాక గోరుని తిడతాం. మా అమ్మమ్మ రోజూ బావిగట్టు మీద గరుకురాయికి మడమలు రుద్దుకుని, రాత్రి ఆముదం రాసుకునేది. చూసి నవ్వేవాణ్ణి. ఇప్పుడలాంటి రాయే ఆన్‌లైన్‌లో కొనుక్కుని, డెలివరీ లేటైతే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను.

ఇక ఆనెకాయ. చెప్పు ఒకేచోట రోజూ ఒత్తుతుంటే చర్మం అక్కడ గట్టిపడి పాపం తనకి తానే గోడ కట్టుకుంటుంది. ఒక రకంగా అది పాదం పెట్టుకున్న అర్జీ. మనం గడ్డం గీసుకునే బ్లేడు తీసుకుని ఆ అర్జీని చెక్కేస్తాం. ఒత్తే చెప్పు మాత్రం పదవిలోనే ఉంటుంది, కాబట్టి నెల తిరక్కుండా అర్జీ మళ్లీ వస్తుంది.

అసలు అర్జీలే పెట్టని పాదాలు కూడా ఉంటాయి. ప్రభుత్వాలకి అలాంటివే ఇష్టం. మా బాబాయికి పదిహేనేళ్లుగా షుగర్. షుగర్ నరాల మీద పడితే ముందు అన్నిటికంటే పొడుగు నరాల కొసల్నే పట్టుకుంటుంది, అంటే రాజధానికి దూరంగా ఉన్న లైనే ముందు తెగుతుంది. మొదట్లో తిమ్మిర్లన్నాడు, తర్వాత దూది మీద నడిచినట్టుందన్నాడు, ఆ తర్వాత ఏమీ అనలేదు. "నా కాళ్లు ఇనుమురా, ముల్లు దిగినా తెలీదు" అని అరుగు మీద గొప్పగా చెప్పుకునేవాడు. ఒకరోజు పొద్దుపోయాక ఇంటికొచ్చి బూటు విప్పితే సాక్స్ రాలేదు. అరికాలి దగ్గర నల్లగా అంటుకుపోయి ఉంది. బూటు బోర్లిస్తే చింతపిక్క పడింది. మనవలు వామనగుంటలాడి పారేసిన చింతపిక్క, పొద్దున్నించీ దాని మీదే నడిచాడు.

ఆ పుండు మానడానికి నాలుగు నెలలు పట్టింది. మొదటిసారి చూపించడానికి తీసుకెళ్లినప్పుడు నేనూ పక్కనే ఉన్నాను. డాక్టర్ సన్నటి నైలాన్ పోగులాంటిది తీసి, "కళ్లు మూసుకోండి, తగిలినప్పుడల్లా చెప్పండి" అన్నాడు. అరికాలిలో అక్కడక్కడా తాకించుకుంటూ పోయాడు. బాబాయి నోరు విప్పలేదు. కాసేపటికి డాక్టర్ ఆ పోగు పక్కన పెట్టి "అయిపోయిందండీ" అన్నాడు.

"మొదలెట్టారా?" అన్నాడు బాబాయి.

ఇప్పుడాయన ఎంసీఆర్ చెప్పులేసుకుంటున్నాడు, షుగర్ ఉన్నవాళ్లకని మెత్తటి రబ్బరుతో చేసినవి. ఏ చెప్పైనా వేసుకునేముందు తలకిందులు చేసి దులిపి, లోపల చెయ్యి పెట్టి తడిమి చూస్తాడు. రాత్రిళ్లు నేలమీద అద్దం పెట్టుకుని అరికాళ్లు చూసుకుంటాడు. "పెళ్లికి ముందు మొహం కూడా ఇంత చూసుకోలేదురా" అంటాడు.

నా సంగతికొస్తే, బయట ఆ ఎనిమిదో నంబరు బూట్లు, ఇంట్లో గ్రానైట్ నేల, సందు చివరికి వెళ్లడానికి అప్పడంలా అరిగిన హవాయి చెప్పులు, అందులో ఒకదానికి పట్టీ ఊడకుండా కింద పిన్నీసు. కొన్నాళ్లు ఇలా సుపరిపాలన చేశాక, ఓ రోజు పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమలో మేకు దిగినట్టయింది. పదడుగులు నడిస్తే తగ్గింది. మర్నాడు మళ్లీ అదే అడుగు, అదే మేకు. మడమ శూల అన్నాడు డాక్టర్, మడమ నుంచి వేళ్ల దాకా అరికాలి కింద సాగే గట్టి పొర ఉంటుంది, అది దెబ్బతిందన్నాడు. పిక్కలు సాగదీసే వ్యాయామం రాసిచ్చాడు, ఆ బూట్లు ఎవరికైనా ఇచ్చెయ్యమన్నాడు (ఎవరికి?), ఇంట్లో కూడా మెత్తటి చెప్పుల్లేకుండా తిరగొద్దన్నాడు. ఆఖరిది ఎంత తేలిగ్గా చెప్పాడంటే, ఆయనకి అమ్మ లేదేమో అనిపించింది.

"ఇంట్లో చెప్పులా?" అంది మా అమ్మ.

"కొత్తవేనమ్మా. వీధి గడప కూడా తొక్కలేదు."

"కొత్తదైతే మాత్రం చెప్పు పూలదండ అవుతుందిట్రా?"

మూడు రోజులు చర్చలు జరిగాయి. హాల్లో అనుమతి దొరికింది. పడగ్గదిలో షరతులతో. దేవుడి గది వైపు కన్నెత్తి చూడకూడదు. వంటింట్లోకి ససేమిరా. మడమ సరిగ్గా గొడవచేసే టైముకి, పొద్దున ఆరింటికి, మెత్తమెత్తగా నడుచుకుంటూ వంటింటి గడప దాకా వచ్చి ఆగుతాను. చెప్పులు గడప ఇవతల, స్టవ్ పక్కన పొగలు కక్కుతూ కాఫీ అవతల, మధ్యలో ఏడడుగుల గ్రానైట్.

"అమ్మా, ఆ గ్లాసు కాస్త అందిస్తావా?"

"ఏం, కాళ్లు లేవా నీకు?"