బెత్తం పోయాకే పిల్లలు చెడిపోయారా?

నేను పాఠాలు చెప్పిన హైస్కూలు పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఆ మెసేజీ ఈ నెలలో మూడోసారి వచ్చింది. ఈసారి కింద దండం పెట్టే చేతుల బొమ్మ కూడా చేర్చారు. సారాంశం ఇది. ఒకప్పుడు పంతులుగారి చేతిలో బెత్తం ఉండేది, పిల్లలు హద్దులో ఉండేవారు. చట్టం ఆ బెత్తం లాగేసుకుంది, అందుకే ఈ గంజాయి, బైకు రేసులు, కత్తిపోట్లు. నాలుగు తగిలించాలి, వినకపోతే ఒక పూట జైలు చూపించాలి. తల్లిదండ్రులకు కౌన్సెలింగ్ అంటారా, అది పనీపాటా లేనివాళ్ళ ముచ్చట. పంపినవాడు నా శిష్యుడే. కింద ‘మాస్టారూ, మీకు తెలియనిదా’ అని ఒక ముక్క రాశాడు.

తెలిసింది చెప్తాను. ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. నేనూ కొట్టినవాణ్ణే. గోడకుర్చీ వేయించాను, తొడపాశం పెట్టాను, ఈతబరికె తెప్పించుకుని మరీ కొట్టాను. ఉద్యోగంలో చేరిన చాలా ఏళ్ళకుగానీ ఒక విషయం కంట పడలేదు. దెబ్బలు తినేవాళ్ళ జాబితా జూన్‌లో ఎవరితో మొదలైతే ఏప్రిల్‌లో వాళ్ళతోనే ముగిసేది. అదే నలుగురైదుగురు. దెబ్బ నిజంగా మందే అయితే ఒక్కడైనా నయమై ఆ జాబితాలోంచి బయటపడాలి కదా!

చట్టం వచ్చాక నేరాలు పెరిగాయన్న మాట చూద్దాం. బడిలో కొట్టడాన్ని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లోనే నిషేధించారు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ దేశమంతటికీ ఆ నిషేధం తెచ్చింది. జాతీయ నేర గణాంకాల ప్రకారం 18 ఏళ్ళ లోపు పిల్లలే నిందితులుగా నమోదైన కేసులు 2016లో 35,849. 2022లో 30,555. పోలీసు స్టేషను మెట్లెక్కని గొడవలు ఈ లెక్కలోకి రావు, అది నిజం. కానీ బెత్తం పోయాక నేరాలు వరదలా పొంగాయనడానికి ఇక్కడ ఆధారమైతే లేదు. పైగా మన ఇళ్ళలో, బళ్ళలో పిల్లల్ని నిజంగా ఎక్కడ మానేశాం కొట్టడం? 2007లో కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ ఆంధ్రప్రదేశ్‌తో సహా 13 రాష్ట్రాల్లో చేయించిన అధ్యయనంలో బడికెళ్ళే పిల్లల్లో 65 శాతం తాము దెబ్బలు తిన్నామన్నారు. మన దగ్గర నిషేధం వచ్చి అప్పటికి అయిదేళ్ళు.

‘దండం దశగుణం భవేత్’ అంటారు. ఆ పది గుణాల సంగతి చూసినవాళ్ళున్నారు. అమెరికాలో ఎలిజబెత్ గెర్షాఫ్, ఆమె సహచరుడు 50 ఏళ్ళ పరిశోధనలన్నీ కలిపి, సుమారు 1,60,000 మంది పిల్లల వివరాలతో 2016లో ఒక విశ్లేషణ వెలువరించారు. దెబ్బలు తిన్న పిల్లల్లో మొండితనం, కొట్లాటలు ఎక్కువే తేలాయి, తగ్గలేదు. ‘అల్లరివాడు కాబట్టే దెబ్బలు తింటాడు, కారణం తలకిందులు చేస్తున్నారు’ అని గ్రూపులో ఒకరన్నారు. మంచి ప్రశ్నే. రెండువైపులా నిజం ఉంది. ఆ చక్రం ఎలా తిరుగుతుందో అమెరికాలోనే ఓరెగాన్ రాష్ట్రంలో జెరాల్డ్ ప్యాటర్సన్ అనే మనస్తత్వవేత్త ఇళ్ళలో కూర్చుని మరీ గమనించాడు. మన ఇంటికి తెస్తే ఇలా ఉంటుంది.

రాత్రి తొమ్మిది. ‘ఫోన్ పక్కన పెట్టి అన్నం తిను’ అన్నాడు తండ్రి. ‘ఆఁ’ అన్నాడు కొడుకు. రెండోసారి గొంతు లేచింది. మూడోసారి తండ్రే లేచాడు. వాడు కంచం తోసేసి గదిలోకి పోయి తలుపు ధడాలున వేశాడు. ‘పోనీలెండి, పరీక్షలున్నాయి’ అంది తల్లి. తండ్రి మళ్ళీ కూర్చున్నాడు. వాడు ఆ పూట నేర్చుకున్నది ఒక్కటే, తలుపు గట్టిగా వేస్తే ఫోన్ చేతిలోనే ఉంటుందని. మర్నాడు తండ్రి మొదటి మాటకే చెయ్యెత్తాడు. వాడు ఫోన్ కింద పెట్టాడు. ఈసారి తండ్రి నేర్చుకున్నాడు, చెయ్యెత్తితే పని జరుగుతుందని. ఇక రోజుకో మెట్టు చొప్పున ఇద్దరూ ఎక్కుతూనే ఉంటారు. అలా ఇంట్లో గెలవడం నేర్చుకున్నవాడు అదే విద్య వీధిలో వాడతాడు.

ఇక జైలు చూపించడం. ఇది మనవాళ్ళ బుర్రలో పుట్టిన ఆలోచన కాదు. అమెరికాలో న్యూజెర్సీ రాహ్వే జైలులో 1970లలో యావజ్జీవ ఖైదీలే మొదలుపెట్టారు. కుర్రాళ్ళను బస్సులో తీసుకొచ్చి, మీద మీదకొచ్చి అరిచి, లోపల ఏం జరుగుతుందో పచ్చిగా చెప్పి హడలగొట్టేవారు. దాని మీద తీసిన డాక్యుమెంటరీకి ఆస్కార్ వచ్చింది. దేశమంతా ఆహా అంది. తర్వాత జేమ్స్ ఫింకెనవర్ అనే ప్రొఫెసరు కూర్చుని లెక్క తీశాడు. జైలు చూసొచ్చిన కుర్రాళ్ళలో సుమారు 41 శాతం మళ్ళీ నేరం చేశారు, చూడనివాళ్ళలో 11 శాతమే. చిన్న గుంపులు కదా అనుకుంటారేమో. అలాంటి 9 ప్రయోగాల ఫలితాలు కలిపి చూసినా అదే దిక్కు: చూపించడం కంటే ఊరకుండటమే నయం. ఎందుకంటారా? పదిమంది కుర్రాళ్ళను ఒక బస్సులో కూర్చోబెడితే తిరుగు ప్రయాణంలో ఏం మాట్లాడుకుంటారో, విహారయాత్రలకు ఎన్నోసార్లు తీసుకెళ్ళినవాణ్ణి, నాకు తెలుసు. ‘నువ్వు భయపడ్డావురా’, ‘నేనా? పో రా!’ భయం బస్సు దిగేలోపే పోతుంది, మిగిలేది గొప్ప.

ఇదే కారణంతో నేను కౌన్సెలింగ్ పేరుతో జరిగేదాన్నంతా వెనకేసుకు రాను. హైదరాబాద్ పాతబస్తీలో పదేళ్ళ కిందట పోలీసులు ఆపరేషన్ చబుత్రా మొదలుపెట్టారు. అర్ధరాత్రి అరుగుల మీద కూర్చున్న కుర్రాళ్ళను పట్టుకొచ్చి, తల్లిదండ్రులను పిలిపించి, నాలుగు మంచి మాటలు చెప్పి పంపించేవారు. తల్లిదండ్రులను పిలవడం మంచిదే. కానీ మైకులో చెప్పేది ఉపన్యాసమే, శిక్షణ కాదు. ఆపైన దారితప్పే కుర్రాళ్ళందరినీ ఒక్కచోట చేర్చడంలో ప్రమాదముంది. ఓరెగాన్‌లోనే టామ్ డిషియన్ బృందం పిల్లలను మాత్రమే గుంపుగా కూర్చోబెట్టి మంచి చెబితే వాళ్ళలో సిగరెట్లు, బళ్ళో ఆగడాలు పెరిగాయని 1999లో రాసింది. కాబట్టి మెసేజీ రాసినాయన కౌన్సెలింగ్ వృథా అంటే నేను సగం ఒప్పుకుంటాను. ఆయన కొట్టిపారేసిన మిగతా సగమే పనికొచ్చేది.

ఆ సగం, అంటే తల్లిదండ్రులకిచ్చే శిక్షణ, ఎలా ఉంటుందో ఒక కమ్యూనిటీ హాల్లో చూశాను. కుట్టుమిషను మీద బతికే ఒకావిడ, కొడుకు ఇంటర్ చదువుతున్నాడు. కౌన్సెలరమ్మే కొడుకు వేషం కట్టింది. ఆవిడ చెప్పాల్సింది రెండే వాక్యాలు: ‘ఫోన్ రెండు రోజులు నా దగ్గరుంటుంది. శుక్రవారం సాయంత్రం ఆరింటికి ఇస్తాను.’ మొదటిసారి ఆవిడ నోట వచ్చింది వేరు. ‘అచ్చం మీ నాన్న పోలికే, నీ కోసం నేను రాత్రీపగలూ మిషను తొక్కుతుంటే...’ రెండోసారి నాన్న ఊసు పోయింది, మిషను మిగిలింది. అయిదోసారికి రెండు వాక్యాలే మిగిలాయి. అప్పుడామె ‘శుక్రవారం నిజంగా ఇచ్చెయ్యాలాండీ?’ అనడిగింది. ఇచ్చెయ్యాలి, ఆరింటికే. కష్టమంతా అక్కడే ఉంది.

2015 బాలల న్యాయ చట్టం 18వ సెక్షన్ తెరిచి చూడండి. తప్పు చేసిన పిల్లల విషయంలో మొదట చెప్పిన మార్గమే ఇది: బిడ్డకూ తల్లిదండ్రులకూ కౌన్సెలింగ్ ఇచ్చి ఇంటికి పంపడం. అమెరికాలోని మిస్సోరిలో 176 మంది నేరం చేసిన కుర్రాళ్ళతో చేసిన ప్రయోగం 1995లో అచ్చయింది. ఒక జట్టులో కుర్రాడితో ఒంటరిగా మాట్లాడారు, మరో జట్టులో ఇల్లు, బడి, స్నేహితులు అన్నిటి మీదా పనిచేశారు. నాలుగేళ్ళలో మళ్ళీ అరెస్టయినవాళ్ళు మొదటి జట్టులో 71 శాతం, రెండో జట్టులో 26 శాతం. ఇది విని గంతులేయకండి. అదే పద్ధతిని ఇంగ్లండులో 684 కుటుంబాలతో చేస్తే మామూలు సేవలకంటే మెరుగేమీ కనబడలేదు. అక్కడ మామూలు సేవలే మెరుగ్గా ఉన్నాయేమోనన్నది నా అనుమానం. మన దగ్గర ఆ మామూలు సేవలే లేవు.

‘మొక్కై వంగనిది మానై వంగునా’ అని ఎలాగూ అంటారు కాబట్టి అదీ ఒక మాట. న్యూజిలాండు డునెడిన్‌లో 1972-73లో పుట్టినవాళ్ళను ఇప్పటికీ గమనిస్తున్నారు. పద్నాలుగు, పదిహేనేళ్ళప్పుడు దారితప్పినవాళ్ళలో ఎక్కువమంది ఉద్యోగం, పెళ్ళి, బాధ్యతలు వచ్చేసరికి వాళ్ళంతట వాళ్ళే సర్దుకున్నారు. చిన్నప్పటి నుంచీ చివరిదాకా అలాగే ఉండిపోయేది కొద్దిమందే.

ఇదంతా గ్రూపులో పెట్టాను. చప్పట్ల బొమ్మలు నాలుగొచ్చాయి. రాత్రి పది దాటాక నా శిష్యుడు విడిగా ఫోన్ చేశాడు. ‘మా పెద్దాడు ఈమధ్య ఆలస్యంగా వస్తున్నాడు మాస్టారూ, అడిగితే ఎగిరిపడుతున్నాడు.’ ఎవరితో తిరుగుతున్నాడురా, ముగ్గురు పేర్లు చెప్పు అన్నాను. కాసేపు ఆలోచించి ఒక్క పేరు చెప్పాడు. అంతలో పక్కనుంచి వాళ్ళావిడ గొంతు వినబడింది: ‘ఆ అబ్బాయి వాళ్ళు బెంగళూరు వెళ్ళిపోయి రెండేళ్ళయింది కదండీ.’