పాయింట్ల బోర్డు గారికి, వంశధార హౌస్ నుంచి

ప్రిన్సిపాల్ గది పక్కన, మంచినీళ్ల ఫిల్టరుకు ఎదురుగా మేకుకు వేలాడుతున్న మహారాజశ్రీ హౌస్ పాయింట్ల బోర్డు గారికి వంశధార హౌస్ ఇన్‌చార్జి టీచరు నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి. మీ కుశలం రోజూ తెలుస్తూనే ఉంది. పొద్దున్నే మీ ముఖం చూడందే స్కూల్లో సగం మంది క్లాసులకు వెళ్లరు. మా కుశలం మీ మీదే రాసి ఉంది, నాలుగో గడిలో. ఊడ్చే ఆయమ్మ కూడా చదివేసింది. "ఏటి మేడమ్‌గారూ, ఈ యేడు కూడా మీ నది ఎండిపోనాదా?" అని అడిగింది.

మన బడి పిల్లల్ని పంచిన నాలుగు జట్లు, అంటే హౌసులు: గోదావరి, కృష్ణ, నాగావళి, వంశధార. ఈ పేర్లు పెట్టినవారు విశాఖపట్నం కుళాయిల్లో ఏ నీళ్లొస్తాయో చూసినట్టు లేదు. ఏళ్ల తరబడి మన గొంతులు తడుపుతున్నవాటిలో తాటిపూడి, రైవాడ, మేఘాద్రిగెడ్డ జలాశయాలూ ఉన్నాయి. మార్చ్ పాస్ట్‌లో "మేఘాద్రిగెడ్డ హౌస్, సావధాన్!" అంటే పిల్లలు నవ్వుతారని వదిలేసి ఉంటారు. పోనీ, పెట్టిన నదులైనా బయట సఖ్యంగానే ఉన్నాయి. 2015లో పట్టిసీమ దగ్గర మోటార్లు పెట్టి గోదావరి నీళ్లు కృష్ణకు మళ్లించారు. మీ ఏలుబడిలో మాత్రం గోదావరి పిల్ల కృష్ణ పిల్లకు స్కేలు అరువిస్తే కెప్టెన్ గుడ్లురుముతాడు.

ఈ హౌస్ పద్ధతి ఇంగ్లండు హాస్టల్ బడుల్లో పుట్టింది. అక్కడి పిల్లలు నిజంగానే ఆ ఇళ్లలో తిని, అక్కడే పడుకునేవారు. మా పిల్లలు నాలుగున్నరకు ఆటో ఎక్కి ఆరిలోవకో మధురవాడకో పోతారు. అయినా జూన్‌లో అడ్మిషన్ నంబరు చూసి ఒక్కొక్కరిని ఒక్కో నదిలోకి తోసేస్తాం. అన్న గోదావరి, తమ్ముడు నాగావళి. అన్నకు పొట్టయిపోయిన పసుపు టీషర్టు తమ్ముడికి పనికిరాదు, వాడిది ఆకుపచ్చ. "ఇద్దర్నీ ఒకే ఏట్లో పడేస్తే మీకేం పోయింది మేడం?" అని ఆ తల్లి అడిగింది. ఆ ప్రశ్న మీకే పంపుతున్నాను. జవాబు రాస్తానంటే చాక్‌పీసు నాది.

జూలైలో కెప్టెన్లకు బ్యాడ్జీలు, ప్రమాణ స్వీకారం. ఆగస్టు 15కి మార్చ్ పాస్ట్. తూర్పు నౌకాదళం ఉన్న ఊరు కాబట్టి బీచ్ రోడ్డులో నేవీ విన్యాసాలు చూసి పెరిగిన పిల్లలు ఉంటారు. వాళ్లంతా నాగావళిలోనే ఎలా పడ్డారో అడ్మిషన్ రిజిస్టరుకే తెలియాలి. మా వరసలో ఒక బాబుకు కుడికాలితో పాటే కుడిచెయ్యి లేస్తుంది. వాడి వెనకున్నవాడు వాణ్ని చూసి సర్దుకుంటాడు. నాలుగో స్థానం.

ఆగస్టు 29 గురించి మాత్రం కాస్త వివరంగా రాయాలి. ఆ రోజు గిడుగు వెంకట రామమూర్తి గారి జయంతి, తెలుగు భాషా దినోత్సవం. 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, జనం మాట్లాడే తెలుగే బడిలోకీ పుస్తకాల్లోకీ రావాలని జీవితమంతా పోట్లాడిన మనిషి. ఆయన పేరు మీద మనం వక్తృత్వ పోటీ పెట్టాం. మా ఎనిమిదో తరగతి అమ్మాయి కాగితం లేకుండా నిలబడి, వాళ్ల అమ్మమ్మ మాట్లాడే తెలుగులో, అమ్మమ్మ ఉత్తరాలు రాయించుకునే కథ చెప్పింది. హాలంతా నవ్వింది, చప్పట్లు కొట్టింది. జడ్జీ గారు "భాషలో హుందాతనం తగ్గింది" అని మార్కులు కోశారు. "సభాసరస్వతికి నమస్సుమాంజలులు" అని మొదలుపెట్టి ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పిన కృష్ణ హౌస్ కుర్రాడికి ఫస్టు. గిడుగు వారే పోటీకి వచ్చినా మా దగ్గర కన్సొలేషన్ బహుమతి దాటేవారు కాదు.

అదే రోజు ధ్యాన్‌చంద్ జయంతి కూడా, జాతీయ క్రీడా దినోత్సవం. పైన హాల్లో వక్తృత్వం, కింద గ్రౌండులో నూరు మీటర్ల పరుగు. మా అమ్మాయి పేరు రెండిట్లోనూ ఉంది. చప్పట్లు ఆగకముందే మెట్లు దిగి వచ్చింది, అప్పటికే హీట్స్, అంటే తొలి వడపోత పరుగులు, అయిపోయాయి. మీరు రెండు చోట్లా సున్నా వేసుకున్నారు.

మట్టి వినాయకుడి పోటీ గురించి పెద్దగా చెప్పను. ఇంటి నుంచి వచ్చిన కొన్ని బొమ్మలకు వీపు మీద పూర్ణా మార్కెట్ రేటు చీటీ ఇంకా ఉంది.

అక్టోబరు వస్తే బంగాళాఖాతం కూడా పోటీల్లో పేరిస్తుంది. వేసిన సున్నం గీతలు వేసినట్టే కొట్టుకుపోతాయి. 2014 హుద్‌హుద్ తుపానుకు సైకిల్ షెడ్డు రేకులు ఎగిరిపోయినా మీరు మేకు వదల్లేదని పాత టీచర్లు భక్తిగా చెప్పుకుంటారు. ఈసారి అల్పపీడనం వెళ్లాక, బురద ఆరీ ఆరకముందే ఖోఖో ఫైనల్ పెట్టారు. గోదావరికీ మాకూ. తరిమేవాళ్లు తొమ్మిది మంది, తప్పించుకునేవాళ్లు ముగ్గురేసి లోపలికి వస్తారు. మా ఆఖరి బ్యాచిలో ఇద్దరు ఔటైపోయి, ఏడో తరగతి పిల్ల ఒక్కతే మిగిలింది. పోల్ దగ్గర అటు వెళ్తున్నట్టు భుజం వంచి ఇటు తిరిగేది. ఆ తొమ్మిది మందికీ మూడు చెరువుల నీళ్లు తాగించింది. పీఈటీ సారు విజిలు నోట్లో పెట్టుకుని ఊదడం మరిచి చూశాడు. అయినా ఒక్క పాయింటు తేడాతో ఓడాం.

మీ మీద పడింది: ఖోఖో, వంశధార, 3. ఆ మూడులో ఆ పిల్ల ఎక్కడుందో నాకు కనపడలేదు. అదే వారం గోళ్లు కత్తిరించుకోలేదని ఆ పిల్లకే మైనస్ ఒకటి వేశారు. అది మాత్రం పేరు, తరగతి, సెక్షన్‌తో సహా రాశారు.

అయ్యా, మీ లెక్క అప్పుడు అర్థమైంది. తెస్తే హౌస్ తెచ్చినట్టు, పోగొడితే పిల్ల పోగొట్టినట్టు. ఎనిమిది మంది అరచేతులు బొబ్బలెక్కేలా తాడు లాగితే "వంశధార 5". బూటుకు పాలిష్ లేకపోతే "ఫలానా, ఆరు బి". దాంతో ఆ ఆరు బి వాడికి ఇంటర్వెల్‌లో పక్కన కూర్చునేవాడు కరువు. ఆలస్యాల సంగతీ అంతే. ఆటో డ్రైవరు హనుమంతవాక జంక్షన్‌లో ఇరుక్కుంటే మైనస్ పడేది వెనక సీట్లో ముగ్గురి మధ్య నలిగిన పిల్లకు. ఆ జంక్షన్ ఏ హౌస్‌దో, దానికి మైనస్ ఎవరు వేస్తారో మీ రూల్సులో లేదు.

సంక్రాంతి సెలవులు అయ్యాక పదో తరగతిని స్టడీ అవర్లకు తోలేశాం. మార్చిలో పబ్లిక్ పరీక్షలు మరి. ఆ దెబ్బకు కృష్ణకు పరిగెత్తేవాళ్లు లేకుండా పోయారు, కప్పు గోదావరికి పోయింది. కెప్టెన్ ఏటా చేతులు మారాల్సిన రోలింగ్ షీల్డు ఎత్తి ఫొటో దిగాక, దాన్ని మళ్లీ ప్రిన్సిపాల్ గారి అద్దాల బీరువాలోనే పెట్టి తాళం వేశారు. పేరుకే రోలింగు.

మేం మూడో స్థానానికి రెండు పాయింట్ల దూరంలో ఆగిపోయాం. రాత్రి కూర్చుని లెక్క వేశాను. మొత్తం ఆలస్యాల మైనస్‌లు అంతకంటే ఎక్కువే వచ్చాయి. మమ్మల్ని ఓడించింది నాగావళి కాదండీ, హనుమంతవాక.

కాబట్టి మనవి ఏమంటే, వచ్చే జూన్‌లో మీకు కొత్త రంగు వేయిస్తున్నారని తెలిసింది. గళ్లు గీసేటప్పుడు ఒక్క ఏడాది తిరగేసి చూడండి. ప్లస్‌లు పిల్లల పేర్లతో, మైనస్‌లు హౌస్ పేరుతో. చోటు చాలదంటారేమో. నాలుగు హౌసుల పేర్లనూ తలో మూల కుదించి రాస్తే బోలెడు చోటు మిగులుతుంది. రంగు డబ్బాలు మోయడానికి మా పిల్లలు వస్తారు, దానికి పాయింట్లు అక్కర్లేదన్నారు.

ఇట్లు,
వంశధార హౌస్ ఇన్‌చార్జి

తా.క.: ఈ ఉత్తరం మీకు అంటించేటప్పటికి మొదటి బెల్లు కొట్టేశారు. మైనస్ నా పేరు మీద, స్టాఫ్ రూమ్ అని సెక్షన్ కూడా వేసి రాయండి. వంశధార జోలికి వెళ్లకండి.