ఖాళీ రోజున గుసగుసలు వద్దు

షోకీ షోకీ మధ్య ఖాళీ రోజున గాయకులు గుసగుసగా మాట్లాడితే గొంతుకి విశ్రాంతి అని ఒక వ్యాసంలో రాశారు. చిక్కంతా అక్కడే. గుసగుసలాడేటప్పుడు చాలామందికి స్వరపేటిక ఇంకా బిగుసుకుంటుంది. దానికన్నా మామూలు గొంతుతో, మెల్లగా, నాలుగు మాటలు మాట్లాడటమే నయం. మాటిమాటికీ గొంతు సవరించుకోవడమూ చేటే, స్వరతంతువులు (గొంతులో కంపించి శబ్దం పుట్టించే మడతలు) ఒకదానికొకటి గట్టిగా కొట్టుకుంటాయి. అలా అనిపించినప్పుడు ఓ గుక్క నీళ్లు మింగండి చాలు.

ఊరు చూడ్డానికి వెళ్లండి, గదిలో పడి ఉండక్కర్లేదు. కాకపోతే పాటలు హోరెత్తే హోటళ్లు వద్దు. చుట్టూ రొద ఉంటే మనకు తెలియకుండానే గొంతు పెరుగుతుంది. మ్యూజియమో పార్కో మేలు.

సాయంత్రం సగం గ్లాసు నీళ్లలో స్ట్రా 2 సెంటీమీటర్లు ముంచి, బుడగలు వచ్చేలా ‘ఊ’ అంటూ కింది శ్రుతి నుంచి పైకి, పైనుంచి కిందికి మెల్లగా జారండి. 5 నిమిషాలు చాలు. బుగ్గలు ఉబ్బినా ఫర్వాలేదు గానీ మెడ నరాలు తేలితే బలం ఎక్కువైనట్టే. ఆవిరి పడితే ఉత్త నీళ్లతోనే, బామ్ కలిపితే గొంతు మండొచ్చు.

పాడుతుండగా గొంతు ఉన్నట్టుండి పోతే ఈ చిట్కాలేవీ పనికిరావు. తంతువులో రక్తనాళం చిట్లి ఉండొచ్చు. అప్పుడు మాత్రం పూర్తి మౌనం, వెంటనే ఈఎన్‌టీ డాక్టరు.